స్నేహితులు కొన్నారు, సరుకు మిగిలింది: చిత్తూరులో ఒక క్రిస్మస్ చేతిపనుల కేసు

చిత్తూరు, తిరుపతి వైపు ఇంట్లోనే ఏదో ఒకటి తయారుచేసి అమ్ముకునే ఆడవాళ్ళకు ధర కట్టడం, లెక్క రాసుకోవడం, అమ్మడం నేర్పే పనిలో ఉన్నాను. ఊరగాయలైనా, మగ్గం వర్క్ అయినా, సబ్బులైనా మొదట కొనేది స్నేహితులు, బంధువులు, పిల్లల స్కూల్ దగ్గర పరిచయమైన తల్లులే. చాలామంది దెబ్బతినేదీ అక్కడే. ఆ దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతుందో ఈ కేసులో స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. పేరు, వీధి, స్కూలు, చర్చి వివరాలు తీసేశాను. కుటుంబం గురించి ఒకటి రెండు విషయాలు మార్చాను. ఇక్కడ ఆమెను టీచరమ్మ అంటాను. పెళ్ళికి ముందు నర్సరీ పిల్లలకు చదువు చెప్పేది. ఈ కేసులో ఆ అనుభవం చాలా పనికొచ్చింది.

నేపథ్యం

టీచరమ్మకు ముప్పై దాటాయి. భర్తది ప్రైవేటు ఉద్యోగం. ఇద్దరు పిల్లలూ ఊళ్ళోనే ఒక మిషన్ స్కూల్లో చదువుతున్నారు. ఆమె సాయంత్రాలు ఇంట్లో ఆరుగురు పిల్లలకు ట్యూషన్ చెబుతుంది, ఒక్కొక్కరి దగ్గర నెలకు 500 తీసుకుంటుంది. చేతిపని చిన్నప్పటి నుంచీ ఇష్టం. చర్చిలో స్టేజీ అలంకరణ ఉందంటే ముందు ఆమెకే కబురు వెళ్తుంది.

ఊరి గురించి ఒక మాట చెప్పాలి. అమెరికా క్రైస్తవ మిషనరీల ఆర్కాటు మిషన్ పందొమ్మిదో శతాబ్దంలోనే పనిచేసిన ఊరు ఇది. మిషన్ స్కూళ్ళలో అన్ని మతాల పిల్లలూ చదువుతారు. డిసెంబరు వచ్చిందంటే స్కూల్లో క్రిస్మస్ ప్రోగ్రామ్, చర్చిల్లో పండక్కి ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్, సండే స్కూల్ స్కిట్లు, రాత్రిళ్ళు క్యారల్స్. ఇళ్ళ ముందు స్టార్ కట్టేది క్రైస్తవ కుటుంబాలే అయినా, క్రీస్తు పుట్టుక నాటకంలో దేవదూత వేషమో గొల్లవాడి వేషమో వేసే పిల్లలు అందరిళ్ళలోనూ ఉంటారు. ఈ తేడా మాకు కేసు మధ్యలో తెలిసొచ్చింది.

2023 దసరా సెలవుల్లో ఆమె పని మొదలుపెట్టింది. తలుపుకి తగిలించే పురికొస దండలు, వెదురు బద్దలకు రంగు కాగితం అతికించిన స్టార్లు, వరిగడ్డితో క్రీస్తు పుట్టిన పశువులపాక నమూనాలు, క్రిస్మస్ చెట్టుకి వేలాడదీసే ఫెల్ట్ (మందపాటి ఉన్నిలాంటి గుడ్డ) బొమ్మలు, గ్రీటింగ్ కార్డులు చేసింది. చీటీ ఎత్తిన డబ్బులో సుమారు 11,000 ముడిసరుకుకి పెట్టింది. నవంబరు, డిసెంబరు నెలల్లో టైం చాలదని ట్యూషన్ ఆపేసింది.

వచ్చిన సమస్య

2024 సంక్రాంతి అయ్యాక ఆమె నా దగ్గరికి రెండు అట్టపెట్టెలతో వచ్చింది. ఒకదాన్లో దండలు, ఇంకోదాన్లో బూజు పట్టిన పశువులపాకలు. చేతికి వచ్చింది 7,400. రావలసిన బాకీలు 1,900. సరుకు డబ్బే తిరిగి రాలేదు.

"అక్కా, మన ఊరోళ్ళకి చేత్తో చేసిన దాని విలువ తెలీదు. బెంగుళూరులో స్టాల్ పెట్టేదానికి ఏం చెయ్యాల?" అని అడిగింది. ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టడం నేర్పమంది కూడా.

ఆ రెండు ప్రశ్నలకూ నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఊరు మార్చాలన్నా, పేజీ పెట్టాలన్నా, ముందు సరుకు ఎందుకు ఆగిపోయిందో తెలియాలి. అది తెలియకుండా బెంగుళూరు వెళ్తే స్టాల్ అద్దె, బస్ చార్జీ కూడా ఇదే నష్టంలో కలుస్తాయి. ఆమె దగ్గర ఒక మంచి అలవాటుంది. ఎవరికి ఏం అమ్మిందీ, ఎంతకి ఇచ్చిందీ పిల్లల పాత రూళ్ళ నోటుపుస్తకంలో రాసిపెట్టుకుంది. ముందు ఆ పుస్తకం చదువుదామన్నాను.

పుస్తకం ఏం చెప్పింది

మొత్తం 46 అమ్మకాలు. ప్రతి వరుస పక్కనా "ఈ మనిషి ఎందుకు కొన్నట్టు?" అన్న దానికి ఒక్క మాటలో జవాబు రాయమన్నాను. ఆమెకు మొదట ఇబ్బందిగా అనిపించింది. రాస్తూ పోయేకొద్దీ చెయ్యి నెమ్మదించింది. చిన్ననాటి స్నేహితురాలు, తోడికోడలు, భర్త ఆఫీసు వాళ్ళు, పాస్టరమ్మగారు, ట్యూషన్ పిల్లల తల్లులు. 31 వరుసల పక్కన ఆమె రాసింది ఒకటే మాట: "నాకోసం."

స్నేహితులు అలా కొనడంలో తప్పేమీ లేదు. ప్రేమతో కొన్నారు. కానీ ఆ 31 అమ్మకాలు సరుకు గురించి మనకు ఏమీ చెప్పవు. ఒక స్నేహితురాలు దండ కొన్నదంటే దండ బాగుందని కావచ్చు, ధర సరిపోయిందని కావచ్చు, అడిగినప్పుడు కాదనలేకపోయిందని కావచ్చు. ఏది నిజమో తెలుసుకునే దారి లేదు. నవంబరులో మొదటి పది అమ్మకాలూ ఇలాంటివే. అవి చూసి "దండలు బాగా పోతున్నాయి" అనుకుని ఆమె ఇంకో ఇరవై దండలకు సరుకు తెచ్చింది. స్నేహితుల వరుస అయిపోగానే అమ్మకం ఆగిపోయింది. మొదటి నష్టం అక్కడే జరిగింది, డిసెంబరులో కాదు.

మిగిలిన 15 వరుసల్లో 9 మంది స్కూల్ తల్లులు. ఆ తొమ్మిదిలో ఏడుగురు కొన్నది ఒకటే వస్తువు: 40 రూపాయల నక్షత్రం కర్ర. దాన్ని ఆమె అమ్మడానికి చెయ్యనేలేదు. కూతురి స్కూల్ ప్రోగ్రామ్ కోసం మిగిలిన ఫెల్ట్ ముక్కలతో ఒకటి చేసిచ్చింది. గేటు దగ్గర చూసిన తల్లులు "మా పాపకీ ఒకటి చేసిస్తారా?" అని అడిగారు. వాట్సాప్ స్టేటస్‌లో దాని ఫొటో కూడా పెట్టలేదు. ఏడుగురిలో ఇద్దరు ఆమెకు అంతకుముందు ముఖపరిచయం కూడా లేనివాళ్ళు. ఆ వరుసల కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను. ఆమె చూపించకుండా, చెప్పకుండా, కొనేవాళ్ళే వచ్చి అడిగి కొన్న వస్తువు మొత్తం పుస్తకంలో అదొక్కటే.

గంట లెక్క

తర్వాత ధర. దండ సంగతి చూద్దాం. అట్ట రింగు, పురికొస, ఫెల్ట్ ఆకులు, ఎర్ర పూసలు, సాటిన్ రిబ్బన్, గ్లూ గన్ కడ్డీలు కలిపి 95 రూపాయలు. చెయ్యడానికి దాదాపు మూడు గంటలు. ధర 250 అని స్టేటస్‌లో పెట్టింది కానీ ఎక్కువ దండలు 180కే ఇచ్చింది. ఆ లెక్కన మిగిలింది 85, గంటకు 28 రూపాయలు.

ఈ 28 మంచిదా చెడ్డదా అన్నది దేనితో పోలుస్తాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. కూలి రేట్లతో పోల్చడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆమె కూలికి వెళ్ళే పరిస్థితి లేదు. ఆమె ఏది ఆపుకుని ఈ పని చేసిందో దానితో పోల్చాలి. ట్యూషన్ నెలకు 3,000, పని సుమారు 40 గంటలు. గంటకు 75. అంటే 75 వచ్చే పని మానేసి 28 వచ్చే పని చేసింది. ఈ లెక్క చెప్పాక ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా ఆయన టైంపాస్ అంటే కోపమొచ్చింది. ఆయన కూడా ఈ లెక్క చెప్పలా" అంది.

ఇంట్లో చేసే పనికి టైం లెక్క కట్టనివాళ్ళు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది. ఖాళీగా ఉన్నప్పుడే కదా చేశాను అంటారు. ఆ ఖాళీ నిజంగా ఖాళీయేనా అని అడగాలి.

స్నేహితుల దగ్గర ఏం తప్పింది

ఇది ఈ కేసులో బాగా నొప్పి పెట్టిన భాగం. దండ ధర ఒకరికి 250, ఇంకొకరికి 180, బాగా దగ్గరి స్నేహితురాలికి 150. ఆమె దృష్టిలో అది ప్రేమ. కానీ 250 ఇచ్చిన స్నేహితురాలు 150 ఇచ్చిన ఆవిడ ఇంటికి క్యారల్స్ రోజు వెళ్ళింది. తలుపు మీద అదే దండ. మాటల్లో ధర బయటపడింది. "నాకైతే 250, దానికైతే నూటయాభైయా?" అని ఫోన్ చేసి అడిగింది. టీచరమ్మ దగ్గర జవాబు లేదు. ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి.

బాకీలదీ ఇదే కథ. "తర్వాత ఫోన్‌పే చేస్తాలే మా" అన్నవాళ్ళను మళ్ళీ అడగలేకపోయింది. అడగలేక వాళ్ళని తప్పించుకు తిరిగింది. చర్చిలో పక్క వరుసలో కూర్చునే ఆవిడ 200 బాకీ ఉందని, ఆదివారం ప్రార్థన అవ్వగానే గబగబా వచ్చేసేది. 200 కోసం ఒక స్నేహం ఇరుకులో పడింది.

స్కూల్ తల్లుల దగ్గర తప్పు వేరు. క్లాసు వాట్సాప్ గ్రూపులో వరసగా ఎనిమిది ఫొటోలు ధరలతో పెట్టింది. క్లాస్ టీచర్ "ఈ గ్రూప్ స్కూల్ విషయాలకు మాత్రమే" అని అందరూ చూసేలా రాశారు. ఆమె సిగ్గుతో ఫొటోలు తీసేసింది. ఆ తర్వాత గేటు దగ్గర కూడా సరుకు మాట ఎత్తలేదు. నిజానికి కొనేవాళ్ళు ఉన్నది అక్కడే.

ఇక వాన. మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, అంటే సరిగ్గా ఈ పని జరిగే నెలల్లో. 2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుఫాను వచ్చింది. కార్డులు వంకర తిరిగాయి, జిగురు ఆరలేదు. వరిగడ్డి పాకల్లో తడి పూర్తిగా పోకముందే పాలిథిన్ కవర్లలో కట్టిపెట్టింది, లోపల బూజు పట్టింది. ఈ పని చేసేవాళ్ళకు ఒక సలహా: గడ్డి వాడాలనుకుంటే ఎండలున్నప్పుడే బాగా ఎండబెట్టి, గాలి ఆడే అట్టపెట్టెలో దాచాలి. లేదంటే కొబ్బరి పీచు వాడండి, అది అంత త్వరగా పాడవదు.

మొదట ప్రయత్నించి వదిలేసినవి

2024 వేసవిలో ఆమె కేకుల ఆలోచన తెచ్చింది. క్రిస్మస్‌కి ప్లమ్ కేక్ ఖాయంగా పోతుందని. నేను వద్దన్నాను. తినే వస్తువు అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి. అది చేయించుకోవచ్చు, అదేమంత కష్టం కాదు. నా అభ్యంతరం వేరే. ఊళ్ళో ఏళ్ళ తరబడి ఇంట్లో కేకులు చేసి అమ్మే ఆడవాళ్ళు ఉన్నారు, బేకరీలు ఉన్నాయి. ఆమె చేతికి ఉన్న ప్రత్యేకత ఓవెన్‌లో లేదు. ఒక నష్టం పూడ్చుకోవడానికి బొత్తిగా తెలియని పనిలోకి దూకితే, రెండోసారి ఎందుకు పోయిందో కూడా తెలియదు.

దండల ధర తగ్గించి చూద్దామా అని కూడా మాట్లాడుకున్నాం. బజార్లో ప్లాస్టిక్ దండలు, మడత పెట్టే కాగితపు స్టార్లు చవకగా దొరుకుతాయి. ధరలో వాటితో పోటీ పడితే గంటకు 28 కూడా మిగలదు. ఆ దారి మూసేశాం.

సెప్టెంబరులో ఒక అపార్ట్‌మెంట్‌లో జరిగిన అమ్మకాల మేళాలో చిన్న బల్ల తీసుకుంది. పాత దండలు, బొమ్మలు పెట్టింది. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. దాదాపు ఏమీ పోలేదు. అయినా ఆ సాయంత్రం వృథా కాలేదు. ఒక తల్లి చెప్పిన మాట టీచరమ్మ అదే పుస్తకంలో రాసుకొచ్చింది: "చాలా బాగున్నాయండీ. మేం క్రిస్టియన్స్ కాదు కదా, ఎక్కడ కట్టుకుంటాం? పోయినేడు మా బాబుకి గొల్లవాడి డ్రెస్ కోసం తిరగని షాపు లేదు, అలాంటిదేమైనా చేస్తారా?"

నక్షత్రం కర్ర, ఈ మాట, రెండూ ఒక్క చోటే కలిశాయి. ఇంటికి అలంకరణ కొనేవాళ్ళు కొద్దిమందే, వాళ్ళకి బజారు ఉంది. పిల్లవాడి వేషం కొనేవాళ్ళు ఎక్కువమంది. వాళ్ళకి ఒక తేదీ ఉంది, ఆ తేదీకి వస్తువు చేతిలో ఉండకపోతే పిల్లవాడు ఏడుస్తాడు. ఊళ్ళో ఫ్యాన్సీ డ్రెస్ అద్దెకిచ్చే చోట కనుక్కుంటే దేవదూత డ్రెస్‌కి అద్దె 300, పైన డిపాజిట్.

ఏం మార్చాం

వస్తువుల జాబితా అయిదుకి కుదించాం. దేవదూత రెక్కలు 180, గొల్లవాడి తలగుడ్డా కర్రా కలిపి 120, బాల క్రీస్తును చూడవచ్చే జ్ఞానుల కిరీటం 90, నక్షత్రం కర్ర 50, పిల్లల పేరు తెలుగులో కుట్టిన ఫెల్ట్ నక్షత్రం 90. పేరు నక్షత్రం ఎందుకంటే, మీ పాప పేరు తెలుగులో కుట్టింది బజార్లో రెడీమేడ్‌గా దొరకదు. కాగితంతో చేసేవన్నీ తీసేశాం, వానకి భయపడక్కర్లేదు. 2024 నవంబరు ఆఖరున ఫెంగల్ తుఫాను వానలు పడ్డప్పుడు ఈ నిర్ణయం పనికొచ్చింది. ఫోమ్, గుడ్డ ఏమీ కాలేదు.

రెక్కల గురించి కొంచెం చెప్పాలి. ఆమె నర్సరీ టీచర్ అనుభవమంతా అందులో పెట్టింది. బయట దొరికే కొన్ని రెక్కలకు మెడ చుట్టూ ఒకటే ఎలాస్టిక్ ఉంటుంది. పిల్ల చేతులెత్తగానే రెక్కలు ముందుకు వాలిపోతాయి. ఆమె స్కూల్ బ్యాగు పట్టీల్లాగా రెండు ఎలాస్టిక్‌లు పెట్టి, వీపు మీద అడ్డంగా ఒక కుట్టు వేసింది. రెక్క వెడల్పు పిల్ల రెండు మోచేతులు చాచినంత కంటే దాటకూడదంది. వరసలో నిలబడితే పక్క పిల్ల కంట్లో గుచ్చుకుంటుందట. మెరుపుల పొడి చల్లలేదు, చిన్నపిల్లలు ఆ చేత్తోనే కళ్ళు నలుపుకుంటారని. దాని బదులు అంచుకి బంగారు రంగు లేసు. చూడ్డానికి బజారు రెక్కల కంటే సాదాగా ఉంటాయి. కానీ స్టేజీ వెనక పదిహేను మందికి తొడగాల్సిన టీచర్‌కి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. ఒక్కో జత సరుకు 70. పదేసి చొప్పున ఒకేసారి కత్తిరించి కుడితే జతకి 36 నిమిషాలు.

తర్వాత స్కూల్‌కి ఎలా వెళ్ళాలన్నది. ఇక్కడ నేను గట్టిగా పట్టుబట్టిన విషయం ఒకటుంది. ప్రోగ్రామ్ చూసే టీచర్‌కి శాంపిల్ జత చూపిస్తే ఆవిడకి నచ్చింది. పోయినేడు ఒక్కొక్కరు ఒక్కో సైజు తెచ్చి స్టేజీ మీద గందరగోళమైందన్నారు. "అందరూ మీ దగ్గరే కొనమని చెప్పేస్తాను" అన్నారు. టీచరమ్మ పొంగిపోయింది. ఒప్పుకోవద్దన్నాను. స్కూల్ చెప్పి కొనిపిస్తే మిగతా తల్లులకు అది వసూలులా కనిపిస్తుంది. పోయినేడు స్నేహితుల దగ్గర జరిగిన మొహమాటమే ఇక్కడ స్కూల్ పేరు మీద జరుగుతుంది. గేటు దగ్గర ఒక్కరు నొచ్చుకున్నా పది మంది వింటారు.

అందుకని వేరేలా చేశాం. టీచర్ గ్రూపులో రంగు, కొలత మాత్రం పెట్టారు, ఇంట్లో చేసుకోవచ్చని స్పష్టంగా రాశారు. టీచరమ్మ రెక్కల కాగితపు నమూనా గీసి, కావలసినవాళ్ళకు ఉచితంగా ఇచ్చింది. "నమూనా ఇచ్చేస్తే నా దగ్గర ఎవరు కొంటారక్కా?" అని భయపడింది. ఆ క్లాసులో పదిహేను మంది దేవదూతలుంటే నలుగురి తల్లులు ఇంట్లో చేసుకున్నారు, పదకొండు మంది ఆర్డరిచ్చారు. ఇంట్లో చేసుకున్న ఒకావిడ తర్వాత తన సండే స్కూల్ పిల్లలకు ఆర్డరు తెచ్చిపెట్టింది. ఎవరి మీదా ఒత్తిడి లేదన్నది అందరికీ కనిపించాలి, మాటల్లో చెబితే చాలదు. నమూనా ఆ పని చేసింది.

కొనాలనుకున్నవాళ్ళతో మాటలకు వాట్సాప్‌లో వేరే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ (ఒకే మెసేజ్ ఒక్కొక్కరికీ విడిగా వెళ్ళే జాబితా) పెట్టుకుంది. మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ వెళ్తుంది కాబట్టి అక్కర్లేనివాళ్ళకు విసుగుండదు.

ధర, అడ్వాన్స్, కానుక

స్నేహితుల విషయంలో మూడు మాటలు అనుకున్నాం. ధర అందరికీ ఒకటే. సగం అడ్వాన్స్ వచ్చాకే పని మొదలు. బాగా దగ్గరివాళ్ళకు తగ్గింపు ఇవ్వకూడదు, ఇవ్వాలనిపిస్తే ఊరికే ఇవ్వాలి.

మూడోది వినడానికి వింతగా ఉంటుంది. నా ఆలోచన ఇది: 150కి ఇస్తే ఆ వస్తువు ధర 150 అని ఊళ్ళో స్థిరపడిపోతుంది, 250 ఇచ్చినవాళ్ళు మోసపోయినట్టవుతారు. ఊరికే ఇస్తే అది కానుక, దానికి ధర లేదు, ఎవరూ పోల్చుకోరు. ఎవరెవరికి కానుకలివ్వాలో అక్టోబరులోనే పేర్లు రాసుకుంది. పోయినేడు మిగిలిన దండలు ఆ పేర్లకి సరిపోయాయి. 250 ఇచ్చి నొచ్చుకున్న ఆ స్నేహితురాలికి కూడా ఒకటి ఇచ్చింది. పూర్తిగా పాతరోజులు రాలేదు కానీ ఆవిడ తీసుకుంది, ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

అడ్వాన్స్ అడగడం ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. నా ఎదుట గట్టిగా అని అలవాటు చేసుకుంది. "ఇది నా రూల్" అంటే మనవాళ్ళ దగ్గర కటువుగా వినిపిస్తుంది. ఉన్న నిజమే చెప్పమన్నాను: "అక్కా, మద్రాసు నుంచి సరుకు తెచ్చేదానికి అడ్వాన్స్ కావాల. సగం వేస్తే మీది మొదలుపెడతా." అది నిజం కూడా. అడ్వాన్సులు వచ్చాక మద్రాసులోని ప్యారిస్ కార్నర్ హోల్‌సేల్ వీధులకు ఒక్కసారే వెళ్ళి, ఆర్డర్లకు సరిపడా తెచ్చుకుంది. పోయినేడులా చీటీ డబ్బు ముట్టుకోలేదు. ఒక్క పాత స్నేహితురాలి దగ్గర మాత్రం అడగలేకపోయింది. ఆ 360 ఇంకా రాలేదు.

తేదీలు వెనక నుంచి లెక్కేశాం. మిషన్ స్కూళ్ళకు క్రిస్మస్ సెలవులు పండక్కి ముందే ఇచ్చేస్తారు. అంటే తల్లులు గేటు దగ్గర కలిసేది డిసెంబరు మూడో వారం లోపలే. అందుకని 2024లో దీపావళి వెళ్ళాక ఆర్డర్లు మొదలుపెట్టి డిసెంబరు 8కి ఆపేసింది. ఆ తర్వాత ఫోన్ చేసినవాళ్ళను కాదనడానికి చాలా టెన్షన్ పడింది. కానీ ట్యూషన్ ఆపకూడదని ముందే అనుకున్నాం, ఆ గడువు లేకపోతే ట్యూషన్ నిలిచేది కాదు.

పేరు నక్షత్రాల్లో మాత్రం చిక్కు వచ్చింది. ఫోన్‌లో చెప్పిన పేర్లు రాసుకుంటే హంసిక కాస్తా హన్సిక అయింది. ఆరు మళ్ళీ కుట్టాల్సొచ్చింది. ఇప్పుడు పేరు తెలుగులో రాసి పంపితేనే ఆర్డరు తీసుకుంటుంది.

ఫలితం

రాబడి సుమారు 22,700. సరుకు, ప్రయాణం, శాంపిళ్ళు, కానుకలు కలిపి ఖర్చు 10,200. మిగిలింది 12,500. ఆర్డరు మాట్లాడిన టైం, ఇచ్చొచ్చిన టైంతో సహా ఆమె రాసుకున్నవి 115 గంటలు. గంటకు 108 పైమాటే, ట్యూషన్ కంటే ఎక్కువ, ట్యూషన్ ఆపకుండా. రాబడిలో సగం రెక్కల నుంచే, 62 జతలు.

నాకు డబ్బు కంటే ముఖ్యంగా కనిపించింది పుస్తకంలో మార్పు. "ఎందుకు కొన్నారు" అన్న గడిలో ఈసారి "నాకోసం" అన్న మాట అక్కడక్కడే ఉంది. "20న ప్రోగ్రామ్", "అక్క పెట్టుకున్నది చూసి చెల్లెలికి", "టీచర్ కొలత ఇచ్చారని" అని రాసుకుంది.

ఇలాంటి కేసులు చూసేవాళ్ళకు చెప్పాలనుకున్నది ఆ గడి గురించే. ఎవరైనా ఇంటి సరుకు అమ్మడం మొదలుపెడితే మొదటి రోజు నుంచే ఆ గడి పెట్టించండి. స్నేహితుల కొనుగోళ్ళు చూసి రెండో విడత సరుకు తెప్పించనివ్వకండి. మనకు ఏ మొహమాటమూ లేని మనిషి, మనం అడగకుండా, చెప్పిన ధరకు కొన్నప్పుడే ఆ సరుకు గురించి మొదటిసారి ఏదైనా తెలిసినట్టు. అప్పటిదాకా కొంచెం కొంచెమే చెయ్యాలి. బెంగుళూరు, ఇన్‌స్టాగ్రామ్ మాటలు ఆ తర్వాత. టీచరమ్మ ఇప్పుడు ఆ మాటే ఎత్తడం లేదు.

తేలని విషయం ఒకటుంది. రెక్కలు పిల్లలు ఒక్కరోజే పెట్టుకుంటారు, తర్వాత అటక ఎక్కుతాయి. 62 జతలు ఊళ్ళో ఉన్నాయంటే వచ్చే ఏడు అంతమంది మళ్ళీ కొనరు. జనవరిలో ఇద్దరు తల్లులు "తిరిగి తీసుకుంటారా?" అని అడిగారు కూడా. జత 60కి వెనక్కి తీసుకుని, ఎలాస్టిక్ మార్చి, 100కి అద్దెకివ్వొచ్చని ఆమె ఆలోచన. బాగు చెయ్యడానికి పావుగంట, పది రూపాయలు చాలు, లెక్కలో లాభమే. కానీ అద్దె అంటే డిపాజిట్ అడగాలి, చిరిగితే ఆ డిపాజిట్‌లో డబ్బు పట్టుకోవాలి, తిరిగివ్వని స్నేహితురాలికి ఫోన్ చెయ్యాలి. పాత ఇరుకు మళ్ళీ ఇంకో దారిలో వస్తుందని నా భయం. అందుకని ఈ ఏడు ఒక్క సండే స్కూల్‌తోనే చూద్దామని అనుకున్నాం. డిపాజిట్ తీసుకునేది, తిరిగి లెక్కపెట్టుకునేది అక్కడి టీచరే. టీచరమ్మ రెక్కలిచ్చి, మొత్తం అద్దె ఒకేసారి తీసుకుంటుంది. మిగతా అందరికీ అమ్మకమే.